మూడు రోజుల బడి

మా కోయగూడేల్లో చదువు అనగానే అందరికీ పిల్లలే గుర్తొస్తారు. ఆశ్రమ పాఠశాల, హాస్టల్ సీటు, పదో తరగతి రిజల్టు. చదువు గురించి మేం మాట్లాడుకునే మాటలన్నీ పదహారేళ్ల దగ్గరే ఆగిపోతాయి. పెళ్లయి, పిల్లల్ని కని, పొలం పని చేసి, తునికాకు కట్టలు కట్టే మనిషికి కూడా నేర్చుకోవాల్సింది ఉంటుందని, నేర్పాల్సింది అంతకంటే ఎక్కువ ఉంటుందని ఎవరూ పెద్దగా అనుకోరు. నేను టీచర్ని. రోజూ పిల్లలకు పాఠం చెప్పి ఇంటికొస్తాను. ఇంట్లో మా అమ్మ ఉంటుంది. ఆమె బడి మొహం చూడలేదు. కానీ ఆమె కూడా ఒక బడికి వెళ్లింది. ఆ బడి గురించే ఈ నాలుగు మాటలు.

అది సంఘంలో జరిగే బడి. దాన్ని రిట్రీట్ అంటారు. కొందరు ధ్యానకూటం అంటారు. మా అమ్మ మాత్రం 'మూడు రోజుల బడి' అంటుంది. ఈ పుస్తకం చదివేవాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు ఉంటారు, వేల్పులను కొలిచేవాళ్లు ఉంటారు, రెండూ వద్దనుకునేవాళ్లూ ఉంటారు. నేను ఎవరినీ ఎటూ రమ్మని రాయడం లేదు. మా గూడేల్లో పెద్దవాళ్లు ఒకచోట కూర్చుని, బతుకు గురించి, దేవుడి గురించి ఆలోచించడానికి మూడు రోజులు తీసే జాగా చాలాచోట్ల ఇదొక్కటే. ఆ మూడు రోజులు ఎలా గడుస్తాయన్నది ఊరికంతటికీ సంబంధించిన విషయం.

మా దుమ్ముగూడెం ప్రాంతానికి క్రైస్తవం నిన్న మొన్న రాలేదు. గోదావరి మీద పడవల దారి కోసం ఇక్కడ పనులు జరుగుతున్నప్పుడు వాటిని చూసిన ఇంజినీరు హేగ్ అనే ఆయన చొరవతో 1860ల మొదట్లో కోయల మధ్య మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ ఏళ్ల తరబడి దుమ్ముగూడెంలోనే ఉండి కోయ భాష నేర్చుకున్నాడు. మన మాటల గురించి, ఆచారాల గురించి రాశాడు. ఆ రాతల్లో మనకు నచ్చనివి చాలా ఉండొచ్చు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. కోయవాళ్లకు కోయలోనే చెప్పాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం పూర్తికాకముందే బైబిల్ భాగాలు కోయలో అచ్చయ్యాయి. తర్వాత తరాల్లో ఆ ఆలోచన ఎక్కడో జారిపోయింది. ప్రసంగం తెలుగులో, పాట తెలుగులో, ప్రార్థన తెలుగులో. కోయ మాత్రం చర్చి బయట చెప్పులు విడిచేచోట ఉండిపోయింది.

రిట్రీట్ అనే పద్ధతికి చాలా పెద్ద వయసుంది. యేసు తెల్లవారకముందే లేచి ఎవరూ లేనిచోటికి వెళ్లి ప్రార్థన చేసేవాడని సువార్తల్లో ఉంది. స్పెయిన్‌లో ఇగ్నేషియస్ లొయోలా అనే సైనికుడు 1521లో యుద్ధంలో గాయపడి, మంచాన పడి, తర్వాత ఒంటరిగా గడిపిన నెలల్లోంచి ధ్యానాల క్రమం ఒకటి తయారు చేసుకున్నాడు. అది 1548లో పోపు ఆమోదంతో అచ్చయింది. కాథలిక్కుల్లో ఇప్పటికీ చాలా రిట్రీట్లు దాని మీదే నడుస్తాయి. మన దేశంలో స్టాన్లీ జోన్స్ అనే మిషనరీ 1930లో నైనితాల్ దగ్గర సాత్‌తాల్‌లో ఒక క్రైస్తవ ఆశ్రమం పెట్టాడు. అక్కడ బిరుదులు, హోదాలు పక్కన పెట్టి అందరూ ఒకరినొకరు అన్నా, అక్కా అని పిలుచుకోవాలి. వారంలో ఒకరోజు పాకీ పని చేసే మనిషికి సెలవు ఇచ్చి, ఆ పని ఆశ్రమంలో ఉన్నవాళ్లే చేసేవాళ్లు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా ఊరి రిట్రీట్ వంటపాక గుర్తొచ్చింది.

మా దగ్గర చాలా ఏళ్లు రిట్రీట్ ఇలా జరిగేది. పట్నం నుంచి ప్రసంగీకుడు వచ్చేవాడు. షామియానా, మైకు, జనరేటరు. పొద్దున ఐదింటికి ప్రార్థన, తర్వాత మూడు ప్రసంగాలు, రాత్రి మళ్లీ కూటం. మగవాళ్లు ముందు వరుసల్లో కూర్చునేవాళ్లు. ఆడవాళ్లు సగంమంది వెనక, సగంమంది వంటపాకలో. రెండు వందల మందికి అన్నం, పప్పు, చారు వండాలంటే మాటలా? మా అమ్మ వరసగా మూడేళ్లు రిట్రీట్‌కి వెళ్లింది. మూడేళ్లూ పొయ్యి దగ్గరే ఉంది. "ఏం చెప్పారమ్మా?" అని అడిగితే, "మైకులో గట్టిగ చెప్పిండు బిడ్డా, మంచిగనే చెప్పినట్టున్నడు" అనేది.

రోజులు కూడా వాళ్లకు వీలైనవే పెట్టేవాళ్లు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో రిట్రీట్ పెట్టడం చాలాచోట్ల అలవాటు. పట్నంలో ఆ నెలకూ ఈ నెలకూ తేడా ఉండదు. మాకు అది ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు రాత్రి నుంచి తెల్లారేదాకా రాలుతుంది. ఎండెక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే పశువులూ అడవి జంతువులూ తినేస్తాయి. ఆ నెలలో ఏరిన పువ్వుతోనే కొన్ని ఇళ్లకు వానాకాలం దాకా ఉప్పూ నూనే వస్తాయి. తెల్లవారుజామున ప్రార్థనకు రాని ఆడవాళ్లకు భక్తి తక్కువని ఒక ప్రసంగీకుడు మైకులో అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. దేవుడి స్వరం వినాలంటే ఈ హడావుడి వదిలేసి, ప్రకృతి ఒడిలోకి, నిశ్శబ్దంలోకి వెళ్లాలని. వెనక వరుసలో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. మూడింటికి లేచి, తట్ట పట్టుకుని, ఒక్కతే ఇప్పచెట్టు కిందికి వెళ్లొచ్చిన మనిషికి నిశ్శబ్దం గురించి ఇంకొకరు చెప్పాలా?

ఆ భాష సంగతి వేరే చెప్పాలి. 'నీతిమంతులుగా తీర్చబడుట', 'ప్రాయశ్చిత్తము', 'ప్రత్యక్షపరచబడుట'. నేను తెలుగులోనే చదువుకుని టీచరైనదాన్ని. నాకే ఒక్కోసారి రెండోసారి చదివితే గాని అర్థం కావు. మా అమ్మకు 'జీవజలం' అంటే సీసాలో పోసి ఇచ్చే ప్రార్థన నీళ్లు అని లెక్క. ఎందుకంటే ఒక కూటంలో అలాంటి సీసాలు నిజంగానే పంచారు. రోగం తగ్గుతుందని చెప్పారు. ఆమెను అమాయకురాలు అని అనలేం. విన్న మాటకూ చూసిన వస్తువుకూ ముడిపెట్టుకుంది. ఎవరైనా అలాగే నేర్చుకుంటారు.

తర్వాత ఒక ఏడాది మా సంఘంలో పెద్దలు కూర్చుని రిట్రీట్ మనమే పెట్టుకుందాం అనుకున్నారు. ముఖ్యకారణం డబ్బు. ప్రసంగీకుడికి కారు, కానుక, మైకు, షామియానా కలిపితే సంఘం భరించలేని ఖర్చయింది. సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. నాకు వరసకు మామ అవుతాడు. కొన్నాళ్లు వయోజన విద్య కేంద్రంలో రాత్రిబడి నడిపినవాడు. ఆయన మూడు షరతులు పెట్టాడు. ఒకటి, ఇప్పపువ్వుకూ తునికాకుకూ మిరపతోటల కూలికీ అడ్డు రాని రోజులు చూడాలి. రెండు, మాట కోయలో నడవాలి. మూడు, వంట వంతులవారీగా అందరూ చేయాలి, మొదటి పూట మగవాళ్లది. మూడో షరతు దగ్గర కాస్త గొడవయింది. "మామా, మేం వండితే తింటారా మీరు?" అని కుర్రవాళ్లు ఎగతాళి చేశారు. "మాడినా తింటాం లే, వాళ్లు వినాలి కదా" అన్నాడాయన. వరికోతలు అయిపోయి, సంక్రాంతికి ముందు దొరికిన వారంలో మూడు రోజులు పెట్టారు. మొదటి పూట అన్నం నిజంగానే మాడింది. అందరూ తిన్నారు.

మామ ప్రసంగం చేయలేదు. మొదటిరోజు ఒక్కటే కథ తీసుకున్నాడు. బావి దగ్గర యేసు ఒక సమరయ స్త్రీని నీళ్లడిగిన కథ. యూదులకూ సమరయులకూ పొత్తు లేదు. ఆమె మిట్టమధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. కథ కోయలో చెప్పి, పదిమంది చొప్పున గుంపులుగా కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న ఇచ్చాడు. "మన ఊళ్లో బోరింగు దగ్గర ఎవరు ఏ టయానికి వస్తారు? ఎవరితో ఎవరు మాట్లాడరు?"

ఇక చూడాలి. అప్పటిదాకా వెనక వరుసలో తలూపడమే తెలిసిన ఆడవాళ్లు ఆగకుండా మాట్లాడారు. కోయలో నీళ్లను ఏరు అంటాం. తెలుగులో ఏరు అంటే పారేది, మాకు తాగేది కూడా ఏరే. 'జలం' అన్నప్పుడు సీసా కనబడిన మా అమ్మకు 'ఏరు' అన్నప్పుడు కడవ కనబడింది, వేసవిలో చెలమ కనబడింది, మోసిన నడుము నొప్పి గుర్తొచ్చింది. ఎండవేళ ఒక్కతే ఎందుకొచ్చిందో మా ఆడవాళ్లకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. మొగుడు వదిలేసిన ఒకామె మా ఊళ్లోనే అందరూ వెళ్లాక బోరింగు దగ్గరికి వస్తుంది. ఆమె అదే గుంపులో కూర్చుని ఉంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మ అడిగింది, "ఆయన ఆమెను నీళ్లడిగిండు. మనం ఈమెను ఏమన్న అడిగినమా ఎన్నడన్న?" అని. నేను పదిహేనేళ్లుగా పిల్లలకు ప్రశ్నలు వేయడం నేర్పుతున్నాను. అంత మంచి ప్రశ్న నా తరగతిలో ఇంకా వినలేదు.

రెండోరోజు అంత తేలిగ్గా గడవలేదు. భూమి పండుగ సంగతి వచ్చింది. వానలకు ముందు మా ఊళ్లో భూమి పండుగ చేస్తారు. విత్తనాలు పెట్టి కొలిచి, ఆ విత్తనం ఇంటింటికీ ఇస్తారు. చర్చికి వెళ్లే ఇళ్లు తీసుకోవడం మానేశాయి. కొన్ని ఇళ్లు తీసుకుని దాచిపెడతాయి, కొన్ని వద్దని ముఖానే చెప్తాయి. మా మేనమామ వేల్పుల ఇంటి మనిషి. ఆయన తెచ్చిన విత్తనం మా ఇంట్లో తీసుకోని ఏడాది నుంచి ఆయన మా గడప తొక్కలేదు. మా అమ్మ ఆ మాటే చెప్పింది. "నా అన్న తెచ్చిండు. నేను దేవుని కోసం వద్దన్న. ఆయనకు మాత్రం నేను రక్తం వద్దన్నట్టు వినబడ్డది. నేనేం చెయ్యాలె?"

ఒకతను లేచి, వాక్యం చూపించి, విగ్రహాలకు పెట్టింది ముట్టకూడదు, అంతే, దీనిలో చర్చ ఎందుకన్నాడు. ఇంకొకామె, అదే బైబిల్లో పౌలు అలాంటి ఆహారం గురించే కొరింథు సంఘానికి ఎంత పొడుగ్గా రాశాడో చూడమంది. తినడమూ మానడమూ కాదు, పక్కవాడి మనసు విరగ్గొట్టకపోవడం ముఖ్యమన్నట్టు ఉంది కదా అని అడిగింది. ఒక కుర్రాడు, "మనం చర్చికి పోతే ఎస్టీ పోతుందంటున్నారు, పండగ మానేస్తే ఇంకా అంటారు" అన్నాడు. దానికి జవాబు చెప్పగలిగింది నేను ఒక్కదాన్నే కాబట్టి చెప్పాను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు, కాబట్టి చర్చికి వెళ్లినంతమాత్రాన ఎస్టీ హోదా పోదు. ఈ తేడా తెలియక మన కుర్రవాళ్లు అనవసరంగా భయపడుతున్నారు, కొందరు కావాలనే భయపెడుతున్నారు.

చట్టం తేల్చింది గాని మా అమ్మ ప్రశ్న తేలలేదు. సాయంత్రం దాకా నడిచింది. చివరకు మామ ఏ తీర్పూ చెప్పలేదు. "కొలుపు వేరు, చుట్టరికం వేరు. ఏది ఎక్కడ విడిపోతదో ఎవరింట్లో వాళ్లు ప్రార్థన చేసుకుని చూసుకోండి. ఒక్కటి మాత్రం అందరం ఒప్పుకుందాం. ఊళ్లో ఎవరు చచ్చినా, ఎవరి ఇంట్లో అయినా, పాడె మొయ్యడానికి మనం పోదాం. విత్తనం తీసుకున్న ఇంటిని, తీసుకోని ఇంటిని వెలివేసినట్టు చూడొద్దు" అన్నాడు. దానికి అందరూ చేతులెత్తారు. వాక్యం చూపించినతను కూడా కాసేపు ఆగి ఎత్తాడు.

మా అమ్మ తర్వాత వారం తన అన్న ఇంటికి వెళ్లింది. విత్తనం గురించి మాట్లాడలేదు. మన పొలంలో పండిన కందులు మూట కట్టుకెళ్లి ఇచ్చింది. "ఇది కొలుపు కాదు, చెల్లె పండించింది" అంది. ఆయన తీసుకున్నాడు. ఇప్పటికీ ఆయన చర్చికి రాడు, ఆమె కొలుపుకు వెళ్లదు. రాకపోకలు మాత్రం మళ్లీ మొదలయ్యాయి. మూడు రోజుల బడిలో ఆమె నేర్చుకున్నది ఇదీ అని నేను చెప్పగలను. దీనికి మార్కులు ఉండవు.

పెద్దవాళ్ల చదువు గురించి లోకంలో చాలామంది ఆలోచించారు. బ్రెజిల్‌కు చెందిన పౌలో ఫ్రేరీ, చదువురాని పేద రైతులకు అక్షరాలు నేర్పుతూ, వాళ్లను ఖాళీ కుండల్లా చూసి మాటలు పోయడం చదువు కాదన్నాడు. వాళ్ల బతుకులోని మాటతో మొదలుపెట్టి, ఆ మాట మీద వాళ్లతోనే ప్రశ్నలు వేయించాలన్నాడు. ఆయన 1970 నుంచి కొన్నేళ్లు జెనీవాలో ప్రపంచ చర్చిల మండలిలోనే పనిచేశాడు. మన దగ్గరా ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, మన ఊళ్లోనూ ఇంతే కదా అనుకున్నారు. అక్కణ్ణుంచి 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఆ పాఠం వాళ్ల ఇంటి కథ అయింది కాబట్టే ఉద్యమం అయింది.

చర్చిలు ఈ సంగతి కొన్నిసార్లు తెలుసుకున్నాయి, కొన్నిసార్లు మర్చిపోయాయి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన కాలంలో అక్షరం రాని వేలమంది పల్లెజనానికి పాట, కథ, భజనల ద్వారానే బోధ అందింది. రోమన్ కాథలిక్కులు పూజను జనం భాషల్లో చేసుకోవచ్చని నిర్ణయించుకున్నది 1960ల్లో. జనం భాష అంటే మాకు తెలుగు ఒక్కటే కాదు కదా.

అన్ని రిట్రీట్లూ మంచివని నేను అనను. కొన్ని కూటాల్లో ప్రార్థన ఉంటే మాత్రలు ఎందుకంటారు. మన ఏజెన్సీలో మలేరియా ఉంది, టీబీ ఉంది, సికిల్ సెల్ ఉంది. టీబీ మాత్రలు మధ్యలో ఆపితే రోగం మొండికేస్తుంది. సికిల్ సెల్ ఉన్న మనిషి నీళ్లు కూడా తాగకుండా ఉపవాసం ఉంటే నొప్పులు ముంచుకొస్తాయి. మా మామ మూడోరోజు ఉపవాస ప్రార్థనకు ముందు ఆశా కార్యకర్తను పిలిచి ఎవరెవరు ఉపవాసం ఉండకూడదో చెప్పించాడు. భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. దేవుణ్ణి అడగడానికీ డాక్టరును అడగడానికీ మధ్య పోటీ పెట్టే బోధ ఎక్కడ విన్నా, అక్కడ లేచి ప్రశ్న అడగాల్సింది చదువుకున్న మన పిల్లలే.

టీచర్లకు, కుర్రవాళ్లకు నేను చెప్పదలచుకున్నవి కొన్ని ఉన్నాయి. అవి చర్చికే కాదు, డ్వాక్రా మీటింగుకూ గ్రామసభకూ కూడా పనికొస్తాయి. మన పెద్దవాళ్లను కూర్చోబెట్టేముందు అడవి కాలెండరు చూడండి. ఏ నెలలో ఏది రాలుతుందో, ఏది కోతకొస్తుందో తెలియకుండా తేదీ పెట్టొద్దు. మాట మన భాషలో మొదలుపెట్టండి, అవసరమైతే తర్వాత తెలుగులోకి రండి. ఒక్క కథ చాలు, ఒక్క ప్రశ్న చాలు. వంట ఎవరు చేస్తున్నారో చూడండి, ఎందుకంటే పొయ్యి దగ్గర ఉన్నవాళ్లు ఆ రోజు బడికి రానట్టే. పెద్దవాళ్లు చెప్పింది రాసుకోండి. కోయను తెలుగు లిపిలో రాసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా మామ చెప్పిన కథలు, ఆడవాళ్లు అడిగిన ప్రశ్నలు ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో ఉన్నాయి. వాటిలో కొన్ని నా తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాను. ఇవి మీ అవ్వ అడిగిన ప్రశ్నలు అని చెప్తే, వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి వింటారు.

మా సంఘంలో ఆ తర్వాత రెండుసార్లు రిట్రీట్ జరిగింది. ఒకసారి బాగా జరిగింది. ఒకసారి మళ్లీ మైకు వచ్చింది, పట్నం ప్రసంగీకుడు వచ్చాడు. ఆ సాయంత్రం ప్రసంగం అయ్యాక ఆడవాళ్లు లేచి వెళ్లకుండా కూర్చున్నారు. "అయ్యగారూ, మీరు చెప్పింది విన్నం. ఇప్పుడు మేం కొన్ని అడుగుతం" అన్నారు. ఆయన కాస్త తడబడ్డాడు గాని కూర్చున్నాడు. చీకటిపడేదాకా మాట్లాడాడు. వెళ్లేటప్పుడు, ఇంకోసారి వస్తే మైకు తేనన్నాడు.